ఆడియో మూడుసార్లు వేసినా పిల్లలకు అర్థం కావడం లేదు. నాలుగోసారి వేయాలా?

టీచరు గారూ, మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. విజయనగరం దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నారు. పిల్లలు పాఠం చదవగలరు, జవాబులు రాయగలరు. అవే మాటలున్న రెండు నిమిషాల సంభాషణ వినిపిస్తే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మూడుసార్లు వేసి, పది ప్రశ్నలు అడిగితే నలభై మందిలో నలుగురు చెబుతున్నారు, ఆ నలుగురూ ఎప్పుడూ చెప్పేవాళ్లే. నాలుగోసారి వేయాలా, తేలికైన ఆడియో వెతకాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఆడియోను నిమిషానికి కుదించండి. ప్రశ్నలు రెండు మూడు చాలు. చెవి ఎక్కడ తప్పిందో ఆ చోటు పట్టుకుని, ఆ ఐదారు సెకన్ల మీదే పని చేయండి. తర్వాత రాసిన మాటలు చూపించండి. చూపించాక పుస్తకం మూయించి మళ్లీ వినిపించండి. మిగిలినదంతా ఈ నాలుగు మాటలకు వివరణే.

ప్రస్తుతం మీరు చేస్తున్నది బోధన కాదు, పరీక్ష. కోపగించుకోకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడు ఊళ్లు తిరిగి ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. అందులో మొదటి పన్నెండేళ్లూ నేనూ అదే పని చేశాను. ఆ రోజుల్లో టేప్ రికార్డరు, ఇప్పుడు ఫోను, అంతే తేడా. వినిపించడం, అడగడం, తప్పు చెప్పినవాణ్ని కూర్చోబెట్టడం, సరైన జవాబు నల్లబల్ల మీద రాసేయడం. గంట కొట్టేసరికి జవాబులన్నీ అందరి పుస్తకాల్లోనూ ఉండేవి. వినడం మాత్రం ఎవరికీ రాలేదు.

మీ దగ్గర విజయనగరంలోనే సంగీత కళాశాల ఉంది కదా. 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఏ రోజైనా సాయంత్రం ఆ గోడ పక్కన నిలబడి వినండి. గురువు కీర్తన మొత్తం మూడుసార్లు పాడి, "ఇప్పుడు కింది ప్రశ్నలకు జవాబులు చెప్పు" అనడు. ఒక చిన్న సంగతి పాడతాడు. శిష్యుడు అంటాడు. ఎక్కడ జారిందో ఆ ఒక్క స్వరం దగ్గర ఆగుతాడు. అది కుదిరేదాకా ముందుకు కదలడు. చెవికి చదువు చెప్పడమంటే అదే. మనం మాత్రం కచేరీ పెట్టి మార్కులు వేస్తున్నాం.

నాకు ఇది తెలిసివచ్చిన రోజు చెబుతాను. ఆమదాలవలస వైపు ఒక బడిలో పనిచేస్తున్నప్పటి సంగతి. సంభాషణలో ఒక వాక్యం వస్తుంది: 'హి ఆస్క్‌డ్ హర్ టు టర్న్ ఇట్ ఆఫ్'. రేడియో కట్టేయమని అతను ఆమెను అడిగాడు, అంతే. ఏడు మాటల్లో పిల్లలకు తెలియనిది ఒక్కటీ లేదు. ఏం విన్నారంటే తరగతి మొత్తం మౌనం. విసుగొచ్చి, "అర్థం సంగతి వదిలేయండి, చెవిన పడింది పడ్డట్టు రాయండి, తెలుగు అక్షరాల్లోనైనా సరే" అన్నాను. బెంచీల మధ్య తిరుగుతూ చూస్తే, వెనక నుంచి రెండో వరుసలో ఒక కుర్రాడు ఇలా రాసుకున్నాడు: "హియాస్కటర్ట టర్నిటాఫ్". దాని కింద గీత గీసి, "టాఫ్ అంటే ఏమిటి?" అని రాసుకున్నాడు.

నవ్వబోయి ఆగిపోయాను. వాడి చెవిలో తప్పు లేదు. నేను టేప్ రికార్డరుకు చెవి ఆనించి మళ్లీ విన్నాను. ఆడియోలో ఉన్నది అచ్చం అదే. 'హర్'లో హకారం లేదు. 'టు' అన్నది 'ట' అయింది. 'టర్న్ ఇట్ ఆఫ్' అన్న మూడు మాటలు 'టర్నిటాఫ్' అనే ఒక్క ముద్ద అయ్యాయి. ధ్వనులన్నీ వాడు సరిగ్గానే పట్టాడు. విడదీయడం దగ్గర తప్పాడు. వాడికి లేనిది పదసంపద కాదు, వ్యాకరణమూ కాదు. మాట ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో తెలియదు. అది వాడికి ఎవరూ చెప్పలేదు, నేను అసలే చెప్పలేదు.

ఆ రోజు అప్పటికప్పుడు తోచిన ఉపాయమే ఈనాటికీ నా ముఖ్యమైన పనిముట్టు. బల్ల మీద 'వాడెక్కడున్నాడు' అని రాసి, విడదీయమన్నాను. వాడు, ఎక్కడ, ఉన్నాడు అని ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా అరిచారు. ఉత్వ సంధి, అత్వ సంధి అని పేర్లు కూడా చెప్పారు. ఆ కిందే 'టర్నిటాఫ్' అని రాసి, "దీన్నీ విడదీయండి" అన్నాను. కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ కుర్రాడే లేచి, "టర్న్, ఇట్, ఆఫ్" అన్నాడు.

ఇంగ్లీషుకూ సంధి ఉంది. కాగితం మీద కనబడదు, అంతే. మనం కలిపి పలికినదాన్ని చాలాసార్లు కలిపే రాస్తాం కాబట్టి కంటికీ చెవికీ పేచీ రాదు. వాళ్లు కలిపి పలికి, విడదీసి రాస్తారు. మన సంధిలో ముందు మాట చివరి అచ్చు పోతుంది. వాళ్ల మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి, ఆ హల్లు వెళ్లి తర్వాతి మాటలోని అచ్చును పట్టుకుంటుంది. చూపించడానికి ఉదాహరణలు బయటి నుంచి తేనక్కరలేదు. 'గెటౌట్', 'కమాన్', 'నాటెటాల్' అని పల్లెటూళ్లో అక్షరం రాని ముసలాయన కూడా అంటాడు. అవి రెండేసి, మూడేసి మాటలని ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పిల్లలకు మాత్రం తెలియాలి. వారానికి ఒక రోజు ఐదు నిమిషాలు "సంధి విడదీయండి" అని ఇంగ్లీషు ముద్దలు ఇవ్వండి: పికిటప్, పుటిటాన్, లుకటిట్, ఎనాపుల్. తెలుగు పండితులు గదిలోకి తొంగి చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్‌ను బస్సు చేసుకున్నాం, కార్‌ను కారు, పెన్‌ను పెన్ను. ఆ చివరి ఉకారం మన చెవికి "మాట అయిపోయింది" అని చెప్పే బడి గంట లాంటిది. ఇంగ్లీషులో ఆ గంట మోగదు. మోగకపోతే పిల్లవాడి చెవి ఇంకా మాట నడుస్తోందనుకుని ఎదురుచూస్తుంది, ఈలోగా మూడు మాటలు దాటిపోతాయి.

భూతకాలం దగ్గర ఇది మరీ ఇబ్బంది పెడుతుంది. 'హి వాక్‌డ్ టు ద టెంపుల్' అని వేస్తే పిల్లలు 'హి వాక్ టు ద టెంపుల్' అని రాస్తారు. మనం ఎర్ర సిరాతో సున్న చుట్టి "వ్యాకరణం రాదు" అంటాం. నిజానికి అక్కడ చివరి ధ్వని 'డ్' కాదు, 'ట్'. అది పక్కనున్న 'టు'లో కలిసిపోయింది. వినబడనిదాన్ని వాడు రాయలేదు, అది నిజాయితీ. ఇంగ్లీషు ఇంటి భాష అయినవాళ్లకైనా అక్కడ విడిగా ఏమీ వినబడదు. ఇప్పటి పని అయితే 'వాక్స్' అనేవారు, 'స్' లేదు కాబట్టి జరిగిపోయిన పని అని పట్టుకుంటారు. ఈ తర్కం పిల్లలకు ఒక్కసారి చెప్పి చూడండి. వ్యాకరణం వినడానికి పనికొస్తుందని వాళ్లకు మొదటిసారి అనిపిస్తుంది.

ఇక ఊనిక. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దక్కుతుంది. ఇంగ్లీషులో కొన్ని అక్షరాల మీద బరువంతా వేసి, మిగిలినవాటిని మింగేస్తారు. 'అండ్' వట్టి 'న్' అవుతుంది, 'కప్ ఆఫ్ టీ'లోని 'ఆఫ్' ఒక్కోసారి 'అ' మాత్రమే మిగులుతుంది, 'కెన్' సగం నోట్లోనే ఉండిపోతుంది. పిల్లలు వీటిని నిండుగా నేర్చుకున్నారు, నిండుగానే వినబడతాయని చూస్తారు. చిన్న మాటల కోసం వెతకవద్దని, బరువు పడిన మాటలను పట్టుకోమని చెప్పండి. అవి నాలుగు దొరికితే వాక్యం దొరికినట్టే.

అయితే బరువు ఎక్కడ పడిందన్నదే అర్థాన్ని తేల్చే చోట్లున్నాయి. థర్టీ, థర్టీన్ తేడా అలాంటిది. మనవాళ్లు రెండింటినీ ఒకే బరువుతో పలుకుతారు, అలాగే వింటారు. ఉద్దానం వైపు నుంచి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ఊళ్ల నుంచి మర్చంట్ నేవీకి వెళ్లే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఓడ మీద ఈ తేడా తప్పు వింటే ప్రమాదం. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక సంభాషణ పదబంధాల్లో అంకెలను విడివిడిగా చదవాలనే నియమం పెట్టారు. నూట యాభై అనడానికి 'వన్ ఫైవ్ జీరో' అంటారు. వినబడకపోతే 'సే అగైన్' అనాలని కూడా అందులోనే ఉంది. ప్రపంచంలోని నావికులందరూ ఒప్పుకున్న మాట ఇది: తప్పు వినడం సహజం, దానికి ఏర్పాటు ఉండాలి.

ఈ 'సే అగైన్' దగ్గర నాకు ఒక కుర్రాడు గుర్తొస్తాడు. ఫోనులో ఇంటర్వ్యూ చేస్తే, ప్రతి ప్రశ్నకూ "యెస్ సర్" అన్నాడు. వాళ్లు "నీ పేరేమిటి" అన్నా యెస్ సర్, "ఎప్పుడు చేరగలవు" అన్నా యెస్ సర్. ఉద్యోగం రాలేదు. వాడికి వినడం అసలు రాదని కాదు. అర్థం కాలేదని చెప్పడం అవమానమని బడిలో నేర్చుకున్నాడు. వాడితో నేను మొదటి పది రోజులు చేయించింది ఒక్కటే, తిరిగి అడగడం. ఏ ముక్క వినబడలేదో ఆ ముక్క గురించే అడగాలి: ఎప్పుడన్నారు? ఎంతన్నారు? ఎక్కడన్నారు? మీ తరగతిలోనూ ఆడియో మధ్యలో చెయ్యెత్తి ఆపే హక్కు పిల్లలకు ఇవ్వండి. మొదటి వారం ఎవరూ ఎత్తరు. ఎవరో ఒకరు ఎత్తాక మిగిలినవాళ్లూ ఎత్తుతారు.

ఇప్పుడు నలభై ఐదు నిమిషాల పీరియడ్ ఎలా నడపాలో చెబుతాను. ఇది నేను చేసే పద్ధతి, మీ పిల్లలను బట్టి మార్చుకోండి.

ముందు రెండు నిమిషాలు తెలుగులో సందర్భం చెప్పండి. ఎవరు, ఎక్కడ, ఏ గొడవ. కథ చెప్పేస్తే వినడానికి ఏం మిగులుతుందని కొందరు అడుగుతారు. వాళ్లు హరికథ విన్నట్టు లేదు. మా అమ్మ చదువుకోలేదు. హరికథ చెప్పే దాసు గారు సంస్కృత శ్లోకం ఎత్తుకుంటే కళ్లు తుడుచుకునేది. శ్లోకంలో మాటలు ఆమెకు రావు, కానీ సీతమ్మ ఇప్పుడు ఎక్కడుందో, ఎవరితో మాట్లాడుతోందో తెలుసు. తెలిసిన కథ చేతిలో ఉంటే తెలియని మాటలు కొన్ని వాటంతట అవే చిక్కుతాయి. నా చెవికి ఇంగ్లీషు పట్టింది కూడా అలాగే, హాస్టల్ గదిలో రేడియో క్రికెట్ వ్యాఖ్యానంతో. ఆట తెలుసు, ఆటగాళ్లు తెలుసు, అరుపులను బట్టి వికెట్టు పడిందో ఫోరు కొట్టారో తెలుసు. మాటలు వెనకాల వచ్చి ఆ ఖాళీల్లో కూర్చున్నాయి.

అయితే కొత్త మాటలన్నీ ముందే బల్ల మీద రాసి అర్థాలు చెప్పేయకండి. అవి లేకపోతే కథే తెలియని రెండు మూడు మాటలు చెప్పండి, చాలు. మిగిలినవాటిని ఊహించనివ్వండి.

మొదటిసారి వినిపించినప్పుడు ఒకే ప్రశ్న, అదీ వినకముందే అడగండి. ఎంతమంది మాట్లాడుతున్నారు? కోపంగా ఉన్నారా, సరదాగా ఉన్నారా? దీనికి వెనక బెంచీ కూడా జవాబు చెప్పగలదు, చెప్పాలి కూడా. రెండోసారికి రెండు మూడు ప్రశ్నలు. విన్నాక జవాబు మీరు చెప్పకండి. పక్కవాళ్లతో సరిచూసుకోమనండి. ఇక్కడ మీ పని నడుస్తూ చెవి వేయడం. ఎక్కడ వాదించుకుంటున్నారో అక్కడే ఆ రోజు పాఠం ఉంది. మిగిలిన జవాబులు సరిపోయి ఒకదాని దగ్గర తరగతి రెండుగా చీలితే, ఆ ఒక్క వాక్యం తీసుకోండి.

ఆ వాక్యాన్ని మాత్రమే ఐదారుసార్లు వేయండి. చెవిన పడింది పడ్డట్టు రాయమనండి. తర్వాత అసలు వాక్యం బల్ల మీద రాసి, ఎక్కడెక్కడ మాటలు అతుక్కున్నాయో కింద వంకర గీతలు గీయండి, మింగేసిన అక్షరాలను అడ్డంగా కొట్టేయండి. వాళ్లు రాసుకున్నదీ ఇదీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు. "అదా!" అనే శబ్దం వస్తుంది, నాకు ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన శబ్దం అది.

ఆపైన అందరూ వదిలేసే మెట్టు: బల్ల తుడిచేసి, పుస్తకాలు మూయించి, నిమిషం ఆడియో మొత్తం మళ్లీ వినిపించండి. ఇందులో ప్రశ్నలుండవు, మార్కులుండవు. అరగంట క్రితం గోలగా వినబడినది ఇప్పుడు మాటలుగా వినబడుతుంది. చెవికి నమ్మకం కుదిరేది ఈ ఒక్కసారే. గంట కొట్టేలోపు దీనికి సమయం ఉండేలా చూసుకోండి, లేకపోతే మధ్యలో ఏదైనా వదిలేయండి కానీ దీన్ని వదలకండి.

తెలుగు అక్షరాల్లో రాయించడం గురించి అభ్యంతరాలు వస్తాయి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి నా మీద కస్సుమన్నారు కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే పిల్లవాడు తనకు తెలిసిన స్పెల్లింగులు రాస్తాడు, విన్నది రాయడు. తెలుగు అక్షరాల్లో అయితే చెవిన పడింది దాచకుండా బయటపెడతాడు. డాక్టరు నాలుక చాపమనడం లాంటిది అది, రోగం తెలిశాక నోరు మూయించాలి. ఆ కాగితాలను నోట్సుగా ఉంచుకోనివ్వకండి. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగు లిపిలో రాసుకుని బట్టీపట్టే అలవాటు మొదలైతే మీకు ఇంకో తలనొప్పి.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. మన గిడుగు రామమూర్తి గారు శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో పంతులు. సవర గిరిజనుల భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు. చూసి చదవడానికి పుస్తకం లేదు, మాట ఎక్కడ తెగిందో చెప్పే ఖాళీ లేదు. చెవితో విని, విన్నది రాసుకుని, మళ్లీ అడిగి, దిద్దుకుని ఆయన కట్టిన సవర, ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. మన పిల్లల పరిస్థితి దీనికి తలకిందులు. ఇంగ్లీషును తొమ్మిదేళ్లు కంటితో నేర్చుకుని, చెవితో వినడానికి ఇప్పుడు మొదలుపెట్టారు. కాబట్టి తడబాటు వాళ్ల మొద్దుతనం కాదు, మనం నేర్పిన వరస అది.

ఆడియో వేగం గురించి అడుగుతారనుకుంటున్నాను, అందరూ అడుగుతారు. ఫోనులో వేగం తగ్గించి వినిపించడం నాకు అంతగా నచ్చదు. అతుకులు అతుకులుగానే ఉంటాయి, సాగదీసినట్టు మాత్రం వినబడతాయి. దాని బదులు మామూలు వేగంతోనే వేసి, మాటల గుంపు ముగిసిన చోట ఆపండి. మూడు క్షణాల విరామం చెవికి పెద్ద ఉపకారం. మరీ మొదటి మెట్టు పిల్లలకైతే నేర్చుకునేవాళ్ల కోసమే మెల్లగా చదివిన వార్తలు దొరుకుతాయి. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్లు 1959లోనే అలాంటి ప్రసారాలు మొదలుపెట్టారు, సుమారు 1500 మాటల పరిధిలో. ఒక ఏడాది వాటితో నడిపాను, బాగానే ఉపయోగపడ్డాయి. కానీ అక్కడే ఉండిపోతే పిల్లలకు ఆ గొంతులే ఇంగ్లీషు అయిపోతాయి.

అన్నిటికంటే మంచి మొదటి ఆడియో మీ గొంతే. ఒక షరతు ఉంది. "హి... ఆస్క్‌డ్... హర్" అని మాట మాటకూ ఆగి చదవకండి. మనం దయతలచి అలా చదువుతాం, పిల్లలు దానికే అలవాటు పడతారు, బయటి ప్రపంచం అలా మాట్లాడదు. మీరు ఇంట్లో మాట్లాడే వేగంతో చెప్పండి, అర్థం కాకపోతే అదే వేగంతో మళ్లీ చెప్పండి. మీకు బ్రిటిష్ యాస రాదని దిగులు వద్దు. మీ పిల్లలు రేపు మాట్లాడబోయేది ఎక్కువగా ఒడియావాళ్లతో, తమిళులతో, ఫిలిప్పీన్స్ వాళ్లతో. లెక్కల మాస్టారిని, సైన్సు టీచరును బతిమాలి నిమిషం సంభాషణ ఫోనులో రికార్డు చేయండి. తెలిసిన గొంతులు ఇంగ్లీషులో పోట్లాడుకుంటుంటే పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

యాస సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. హైదరాబాదు నుంచి మా చుట్టాలొకరు వచ్చి పలాస సంతలో పది నిమిషాలు నిలబడి, "వీళ్లు మాట్లాడేది తెలుగేనా?" అని అడిగారు. 'గుంటడు' అంటే పిల్లవాడని నేను చెప్పాల్సి వచ్చింది. అలాంటి కొత్త మాటలు నాలుగో ఐదో ఉంటాయి, మిగతావన్నీ ఆయనకు తెలిసినవే. వేగం, రాగం కొత్త. రెండు రోజులకు చెవి సర్దుకుంది, మూడో రోజు బేరాలాడారు. పిల్లలు నిరుత్సాహపడినప్పుడు నేను ఈ కథ చెబుతాను.

సినిమాల గురించి కూడా అడుగుతుంటారు. ఇంగ్లీషు సినిమాలు చూస్తే వచ్చేస్తుందని చెప్పి చేతులు దులుపుకోకండి. కింద తెలుగు అక్షరాలు పడుతుంటే కన్ను చదువుకుంటుంది, చెవి పడుకుంటుంది. చూపించాలనుకుంటే మూడు నిమిషాల ముక్క చాలు. మొదట అక్షరాలు లేకుండా, తర్వాత ఇంగ్లీషు అక్షరాలతో, చివర మళ్లీ లేకుండా.

విదేశాలకు వెళ్లడానికి నర్సింగ్ అమ్మాయిలు రాసే ఐఈఎల్టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్షలో ఆడియో ఒక్కసారే వేస్తారు, అరగంటలో నలభై ప్రశ్నలు. అందుకని ఇంట్లోనూ ఒక్కసారే విని వదిలేస్తుంటారు. పరీక్ష అలా ఉందని నేర్చుకోవడం కూడా అలాగే ఉండాలా? ఐదు రోజులు పైన చెప్పినట్టు కొరికి నమిలి వినమంటాను, ఆరో రోజు ఒక్కసారి విని రాయమంటాను.

ఒక జాగ్రత్త, దీన్ని తేలికగా తీసుకోకండి. ఎప్పుడూ సున్నా వచ్చే పిల్ల ఉంటే, ఇంగ్లీషు సంగతి తర్వాత, ముందు తెలుగులో ఎలా వింటోందో చూడండి. వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. ఒక బడిలో ఒక అమ్మాయిని ఏడాదంతా పరధ్యానమని తిట్టాను. చివరికి చూస్తే చెవిలో చీము, చిన్నప్పటి నుంచీ. నా పెదాలు చూసి పాఠం అర్థం చేసుకునేది, ఆడియోకు పెదాలుండవు కదా. బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం 2013 నుంచి పిల్లల వినికిడి కూడా చూస్తోంది. వాళ్లు వచ్చినప్పుడు అనుమానం ఉన్న పేర్లు మీరే చీటీ మీద రాసి ఇవ్వండి.

గది కూడా ముఖ్యమే. రేకుల కప్పు కింద వాన పడుతుంటే ఆడియో పెట్టకండి, ఆ రోజు చదివించుకోండి. స్పీకరు మీ బల్ల మీద కాదు, తరగతి మధ్యలో, బెంచీ మీద పెట్టండి. శబ్దం పెంచడం కంటే దగ్గరికి తేవడం మేలు. ఫ్యాను రెండు నిమిషాలు ఆపితే ఎవరూ చచ్చిపోరు, ఏప్రిల్‌లో తప్ప.

మొదటి ఆడియో ఏది అని తడుముకుంటుంటే రైలు స్టేషనుకు వెళ్లండి. విజయనగరం జంక్షన్ మీకు దగ్గరే. నేను శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఫోనులో రికార్డు చేసేవాణ్ని. ఒకే సంగతి తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. రైలు నంబరు అంకె అంకెగా చదువుతారు, ఓడ మీద చదివినట్టే. తెలుగు వినకుండా ఇంగ్లీషు ముక్క మాత్రం వినిపించి, "ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, ఎంత ఆలస్యం?" అని అడగండి. తర్వాత తెలుగు ముక్క వేయండి, జవాబు వాళ్లే దిద్దుకుంటారు. మీరు నోరు తెరవక్కరలేదు.

ఎన్నాళ్లు పడుతుందని మీరు అడగలేదు కానీ, మనసులో ఉండే ఉంటుంది. వారానికి రెండు పీరియడ్లు ఇలా నడిపితే నా తరగతుల్లో రెండు మూడు నెలలకు తేడా కనబడేది, కొన్నింట్లో ఇంకా ఆలస్యమైంది. మార్కుల్లో వెతకకండి, అక్కడ చివర్లో కనబడుతుంది. ముందుగా పిల్లల మాట మారుతుంది. ఇప్పుడు "సార్, ఏమీ అర్థం కాలేదు, మళ్లీ వేయండి" అంటున్నారు. ఒక రోజు ఎవరో లేచి, "ఆమె అతనికి ఏదో ఇచ్చింది కదా, ఇచ్చిన తర్వాత ఒక చిన్న ముక్క ఉంది, అక్కడ మళ్లీ వేయండి" అంటారు. ఆ రోజు నుంచి ఆడియోను నిమిషంన్నర చేసుకోవచ్చు.